సరిగ్గా అడిగితేనే చాయ్

మా ఆయన పోయిన మరుసటి ఏడు, తొంభైల నడుమ, ఆయన ఉద్యోగం నాకిచ్చి యూనివర్సిటీలో విదేశీ భాషల విభాగానికి అటెండర్‌గా వేశారు. నాకు సంతకం ఒక్కటే వచ్చు. గదులు తెరవడం, బోర్డు తుడవడం, తార్నాక హోటల్ నుంచి ఫ్లాస్కులో చాయ్ తేవడం నా డ్యూటీ.

అప్పుడు పోలండ్ మేడం ఒకామె పోలిష్ చెప్పేది. ఆ భాషలో చాయ్ పేరు హెర్బాతా. చాయ్ ఇమ్మని అడిగితే మాత్రం హెర్బాతె అనాలి. రాముడు వచ్చాడంటాం, రాముణ్ణి పిలిచామంటాం కదా, అట్లా పేరుకు తోక మారుతుంది. ద్వితీయా విభక్తి అంటారట. పిల్లలకు అది ఎంతకీ పట్టుబడకపోతే మేడం నాకా మాట వినిపించి, ఒక ఆర్డరు వేసింది: తోక మార్చి అడిగినవాళ్లకే కప్పు నింపాలి.

ఆ క్లాసులో లాలాపేట పిల్ల స్వరూప ముందు ఎప్పుడూ హెర్బాతా అనే అడిగేది. నేను మూత తీసేదాన్ని కాదు.

"ఏంది మల్లమ్మక్కా, గింత చాయ్‌కి గిన్ని తిప్పలా? పాలు నీ ఇంటియా?"

"మేడం ఆర్డర్ బిడ్డా. సరిగ అడుగు, రెండు కప్పులు పోస్త."

అలిగి నల్లా నీళ్లు తాగొచ్చి, మళ్లీ తోక మార్చి అడిగేది.

నోటి పరీక్ష పాసైతేనే రెండో ఏడు సీటు. తప్పితే అన్న జిరాక్స్ షాపులో కూర్చోవాలని స్వరూప ఇంట్లో తేల్చేశారు. పరీక్షకు బయటి నుంచి ఒక సారు వచ్చారు. ఆయన ఏమడిగినా స్వరూపకు నోరు పెగలడం లేదు. అప్పుడే నేను ట్రేతో లోపలికి వెళ్లాను. అక్కడ అటెండర్ మాట్లాడకూడదు. చాయ్ కూడా సారుకూ మేడంకూ మాత్రమే.

ఫ్లాస్కు కనబడగానే స్వరూప అలవాటు కొద్దీ నా వైపు తిరిగి, "పొప్రోషె హెర్బాతె" అంది, చాయ్ ఇవ్వండి అని.

సరిగ్గా అడిగింది. సారు కోసం పెట్టిన కప్పు నింపి స్వరూప చేతికిచ్చాను. సారు కళ్లజోడు తీసి నన్ను చూశారు. మేడం ఆయన చెవిలో సంగతి చెప్పింది. ఆయన నవ్వి, కాఫీ ఇమ్మని పోలిష్‌లో అడగమన్నారు, అన్నను పిలిచానని చెప్పమన్నారు. స్వరూప తడబడుతూనే అన్నిటికీ తోకలు మార్చింది.

"మరి నా చాయ్ సంగతేంటమ్మా?" అన్నారు సారు.

"మీరు కూడా అడగాల్సిందే సార్."

ఆయన కూడా పోలిష్‌లో అడిగాకే పోశాను. స్వరూప పాసైంది.

మేడం లేని రోజు కూడా నేను ఉత్తగా ఒక్క కప్పు పోయలేదు. పోసి ఉంటే ఆ పిల్లకు ఆ మాట నోట నిలిచేది కాదు. డ్యూటీ అంటే అదేనని అప్పుడు తెలుసుకున్నాను. రిటైరయ్యేదాకా అట్లాగే చేశాను.