బావగారి మేనేజరుగిరీ

మొన్న ఆదివారం కుందలహళ్ళిలో మా అక్కావాళ్ళ అపార్ట్‌మెంట్‌లో పిల్లలకు ఆటల పోటీలు పెట్టి, బహుమతులివ్వడానికి మా బావను వేదిక ఎక్కించారు. మైకు పట్టుకున్న అమ్మాయి ఆయన్ను "ఒకప్పుడు ఫుట్‌బాల్ జట్టును నడిపిన అనుభవజ్ఞులు" అని పరిచయం చేసింది. బావ కాదనలేదు. కళ్ళు అరమోడ్చి, చేతులు జోడించి, ఆ మాటను శాలువాలాగా కప్పించుకున్నాడు. ముందు వరసలో ఉన్న నేను చప్పట్లు కొట్టలేదు. మరదలి వేళాకోళం అనుకుని పక్కనావిడ నవ్వింది. వేళాకోళమేమీ కాదు. ఆయన ఆ జట్టును నడిపింది ఒక్క సీజను. ఆ తర్వాత నడపడానికి జట్టు మిగల్లేదు.

తొంభైల చివరి సంగతి. మా నాన్న బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో లేత్ ఆపరేటరు. ఆ ఫ్యాక్టరీకి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. ఆటగాళ్ళందరికీ అక్కడే టెంపరరీ ఉద్యోగాలు. పొద్దున ప్రాక్టీసు, మధ్యాహ్నం షెడ్డులో పని. మా ఇంట్లో దాన్ని 'మన క్లబ్బు' అనేవాళ్ళం, ఏదో మేమే పెంచి పోషిస్తున్నట్టు. మ్యాచ్ ఉన్న రోజు నాన్న నన్ను స్కూటర్ వెనక ఎక్కించుకుని హోసూరు రోడ్డు మీద సిటీకి బయలుదేరేవాడు. మడివాళ మార్కెట్ దగ్గర ఆగి ఉడకబెట్టిన వేరుశనగ బుడ్డలు పొట్లం కట్టించేవాడు. పెళ్ళి కావలసిన పిల్లను మగాళ్ళ మధ్య కూర్చోబెడతావా అని అమ్మ సణిగితే, "ఆట చూసేదానికి పోతాండాము, సంబంధం చూసేదానికి కాదు" అనేవాడు. తడిసిన ఎర్రమట్టి వాసన, బీడీల పొగ, ఆటగాళ్ళ మోకాళ్ళకు పట్టించిన నొప్పుల నూనె ఘాటు, వీటన్నిటి మధ్య గొంతు పోయేదాకా అరవడం నేను నాన్న దగ్గరే నేర్చుకున్నాను. కాలేజీలో ఆ విద్య ఎవరూ చెప్పలేదు.

ఆ ఏడు మా క్లబ్బు వరసగా ఓడిపోతూ పాయింట్ల పట్టిక అడుగుకు చేరింది. కింది డివిజన్‌కు జారితే జట్టునే ఎత్తేస్తామని యాజమాన్యం చెప్పేసింది. పాత మేనేజర్ను పంపించి, ఆ కుర్చీలో మా బావను కూర్చోబెట్టింది. బావది గుంటూరు వైపు. అదే ఫ్యాక్టరీలో ఆఫీసరు. అంతకు ముందు ఏడే మా అక్కను చేసుకున్నాడు. కార్మికుడి ఇంటికి ఆఫీసరు అల్లుడు రావడం మా వీధిలో పెద్ద మాట. ఆయన మంచి భర్తే, నేను కాదనను. ఫుట్‌బాల్ సంగతికొస్తే, బంతి గుండ్రంగా ఉంటుందని తప్ప ఆయనకు ఇంకేమీ తెలియదు. మేనేజ్‌మెంట్ కోర్సు చేసినవాడికి ఏదైనా మేనేజ్ చెయ్యడం వచ్చని ఆయన గట్టి నమ్మకం.

పదవి వచ్చిన ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చి నాన్నకు ఆట విడమరచి చెప్పాడు. "మామగారూ, ఫుట్‌బాల్ అంటే బేసిగ్గా రన్నింగ్. ఎవరు ఫాస్ట్‌గా రన్ చేస్తే వాళ్ళే టీమ్‌లో ఉంటారు." నాన్న ముద్ద నోటి దగ్గర ఆపాడు. "అట్లనా అప్పా" అని, అల్లుడికి ఇంకాస్త పప్పు వెయ్యమని అమ్మకు సైగ చేశాడు. పెళ్ళిపీటల మీద కాళ్ళు కడిగిన అల్లుణ్ణి ఏమనగలడు? ఆ పూట నాన్న పెరుగు కూడా కలుపుకోకుండా లేచిపోయాడు.

బావ అన్నంతా చేశాడు. అందర్నీ మైదానం చుట్టూ పరిగెత్తించి, ముందొచ్చిన వాళ్ళనే ఆటకు తీసుకున్నాడు. మా గోల్‌కీపర్ కొండలాంటి మనిషి, పరుగనేసరికి ఆయాసం. కెప్టెన్‌కు ముప్పై దాటాయి. బంతి ఎక్కడికి వస్తుందో ముందే పసిగట్టి అక్కడ నిలబడి ఉండేవాడు, పరిగెత్తే అవసరమే పడేది కాదు. ఇద్దరూ ఆఖరున వచ్చారు, ఇద్దరూ బెంచీ ఎక్కారు. తర్వాతి మ్యాచ్‌లో మావాళ్ళు గుర్రాల్లా పరిగెత్తారు. బంతి మాత్రం ఎదుటివాళ్ళ దగ్గరే ఉండిపోయింది. బావ గట్టు మీద స్టాప్‌వాచ్ పట్టుకుని తృప్తిగా తల ఊపుతున్నాడు. నా చుట్టూ ఉన్నవాళ్ళు ఆయన్ను కన్నడంలో, తమిళంలో, తెలుగులో తిడుతుంటే నేనూ గొంతు కలిపాను. నాన్న నన్ను ఆపలేదు. తను మాత్రం బుడ్డలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు.

ఆఖరి మ్యాచ్ డ్రా అయినా చాలు, నిలబడతాం. సగం ఆట అయ్యేసరికి ఒక గోల్ వెనకబడ్డాం. నాన్న ఒక్కసారిగా లేచి మెట్లు దిగి కంచె దగ్గరికి పోయాడు. నేనూ వెనకే పరిగెత్తాను.

"ఆ కెప్టెన్ను ఆటలోకి దించండప్పా. పిల్లోళ్ళ ఉద్యోగాలు ఉండాయి దీంట్లో" అన్నాడు, ఎప్పుడూ లేనంత మెల్లగా. "కావాలంటే మీ కాళ్ళు పట్టుకుంటా."

"మామగారూ, ఇది ఒక ప్రాసెస్. ఎమోషన్‌తో డిసైడ్ చేసేది కాదు" అన్నాడు బావ, వాచీలోంచి తలెత్తకుండానే.

ఇంకో రెండు గోల్స్ తిని ఓడిపోయాం. నెల తిరిగేసరికి జట్టు లేదు, ఆ ఉద్యోగాలూ లేవు. కెప్టెన్ మడివాళలో ఒక పీజీ హాస్టల్‌కు వాచ్‌మన్‌గా చేరాడు. ఆ దారిన పోయినప్పుడల్లా నాన్న స్కూటర్ ఆపి అతనితో టీ తాగి వచ్చేవాడు. బావకు ప్రమోషన్ వచ్చింది, ఖర్చు తగ్గించినందుకు. జట్టును మూసేదానికే ఆయన్ను పంపించినారేమో అని నాన్న చాన్నాళ్ళు అనుమానపడ్డాడు. నేను ఒప్పుకోలేదు. ఒక జట్టును కావాలని చెడగొట్టాలన్నా కొంచెం ఆట తెలియాలి.

నాన్న ఆ తర్వాత బతికినన్నాళ్ళూ అల్లుడికి ఏ మర్యాదా తగ్గించలేదు. వానల గురించి, మామిడికాయల ధర గురించి అడిగేవాడు. బావ ఎప్పుడైనా ఆట ఊసెత్తితే, "మీకెందుకప్పా ఆ తలనొప్పి, తినండి" అనేవాడు. అంతకంటే పెద్ద తిట్టు నేను మైదానంలో కూడా వినలేదు. అది తిట్టని బావకు ఈనాటికీ తెలియదు. ఇప్పుడు ఆయనకు మోకాళ్ళ నొప్పులు. మెట్లెక్కేటప్పుడు నేనే చెయ్యి అందిస్తాను. కాలం నా కోపంలో వేడి తీసేసింది గానీ, కోపాన్ని మాత్రం తీసుకుపోవడం మరిచిపోయింది.