నామతి కొడుకు

ఇందిబర్ హజారికా ఏం పాఠం చెబుతాడో కుహియార్‌బారి ఊళ్ళో ఎవరికీ సరిగ్గా అంతుపట్టలేదు. మతాల చరిత్ర అంటే ఏమిటని అడిగినవాళ్ళకు అతడు ఓపికగానే చెప్పేవాడు. ఏ నమ్మకం ఎప్పుడు మొదలైందో, ఎక్కడినుంచి వచ్చిందో, దారిలో ఎలా మారిందో తవ్వి చూడటం అని. టీ దుకాణం బల్ల మీద కూర్చున్న గోలాప్ ఖురా ఒకసారి అదంతా విని, "దానికి జీతం కూడా ఇస్తారా?" అన్నాడు. ఖురా అంటే బాబాయి. ఊరంతటికీ ఆయన బాబాయే, ఊరంతా కూడి నామం పాడుకునే మందిరమైన నామ్‌ఘర్‌కి పెద్ద కూడా ఆయనే.

"ఇస్తారు ఖురా."

"అయితే తవ్వుకో. మా పెరట్లో మాత్రం తవ్వకు, కంద వేసుకున్నాను."

అందరూ నవ్వారు. ఇందిబర్ కూడా నవ్వాడు. అప్పట్లో అతనికి ఊరంటే నవ్వగలిగే చోటు.

తండ్రి అతని చిన్నప్పుడే పోయాడు. తల్లి రూపహి మగ్గం మీద బట్ట నేసి, అమ్మి, కొడుకుని గువాహతి దాకా చదివించింది. ఆమె కష్టం గురించి ఊళ్ళో ఎవరూ పెద్దగా మాట్లాడరు, ఎందుకంటే అక్కడ అందరి ఇళ్ళలోనూ మగ్గముంది, అందరికీ కష్టముంది. ఆమె గొంతు గురించి మాత్రం మాట్లాడతారు. ఊళ్ళో ఆడవాళ్ళకు ఆమె నామతి. భాద్రపదం, అక్కడివాళ్ళ మాటలో భాదో నెల, వచ్చిందంటే మధ్యాహ్నం పూట ఆడవాళ్ళంతా తెల్లటి చాదర్లు కప్పుకుని నామ్‌ఘర్‌లో కూర్చుంటారు. నామతి పదం ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. రూపహి ఏడాదిలో తక్కిన నెలలన్నీ ఎలాగో గడిపేది, భాదోలో బతికేది.

ఇక కొడుకు సంగతి. పదిహేనేళ్ళు గురువుల చరిత్రలు చదివి చదివి ఇందిబర్‌కు విసుగొచ్చింది. అవన్నీ శిష్యులు రాసినవి. ఒకరు రాసిందాన్ని ఇంకొకరు కాస్త మెరుగుపెట్టి మళ్ళీ రాశారు. వాటిలో చరిత్ర ఎక్కడ ఆగిందో, భక్తి ఎక్కడ మొదలైందో గీత గీయడం అసాధ్యం. శాఖాధిపతి బరువా గారిది పుల్లవిరుపు నోరు. "హజారికా, వాళ్ళు చేతులు జోడించి రాశారు, నువ్వు పేజీ కింద సూచికలు జోడించి రాశావు. అంతకుమించి తేడా నాకు కనిపించడం లేదయ్యా," అన్నాడు ఒకసారి అందరిముందూ. ఆ మాట ఇందిబర్ మనసులో చాలాకాలం ముల్లులా ఉండిపోయింది.

ఆ ఏడాది వానాకాలం సెలవుల్లో అతడు ఇంటికి వెళ్ళాడు. బయట దంచికొడుతోంది. తల్లి మగ్గం దగ్గర కూర్చుని నాడె ఆడిస్తూ, మాటల్లో మాటగా, నామ్‌ఘర్ నడిమి స్తంభం గురించి ఒక సంగతి చెప్పింది. ఆ స్తంభాన్ని, బలులు కూడదని బోధించిన గురువుగారే తన చేత్తో నాటారని ఊరి నమ్మకం. రూపహి చెప్పింది వేరు. పెద్ద వరద వచ్చి పాత నామ్‌ఘర్ కొట్టుకుపోయినప్పుడు, ఎగువన అడవిలో పాడుబడ్డ దేవి గుడినుంచి ఆ మానుని రెండు పడవల మధ్య కట్టి తెచ్చారట. దున్నలను నరికే గుడి అది. మానుకి పట్టిన నెత్తుటి మరక ఓ పట్టాన పోలేదట. ఊరి ఆడవాళ్ళు బూడిదా ఇసకా వేసి రోజుల తరబడి రుద్దారట.

"నీకెవరు చెప్పారమ్మా?"

"మా అమ్మమ్మ. రుద్దినవాళ్ళలో ఆవిడా ఉంది. చేతులు పగిలిపోయాయని చెప్పేది."

"అప్పటికి ఆవిడకెంత వయసు? తన కళ్ళతో చూసిందా, ఎవరైనా చెప్పగా విందా?"

"ఏంట్రా మైనా, పోలీసోడిలా అడుగుతున్నావు? మరక రుద్దింది అంటుంటే కళ్ళతో చూసిందా అంటావేంటి," అని ఆమె నవ్వింది. నలభై దాటినా ఆమెకు అతడు మైనాయే.

ఇందిబర్ ఆ రాత్రి ఆమె చెప్పిందంతా రాసుకున్నాడు. అన్నీ దాచుకున్న ఊరు అతనికి ఇంట్లోనే తలుపు తీసిందనిపించింది. గువాహతి వెళ్ళి వ్యాసం మొదలుపెట్టాడు. బరువా గారు చదివి, "బాగుంది. కానీ ఎవరో ముసలావిడ చెప్పింది అంటే ఎవడు నమ్ముతాడు? సాక్షి ఎవరు, ఆమెకు ఎలా తెలుసు, అబద్ధం చెప్పాల్సిన అవసరం ఉందా లేదా, అది రాయి," అన్నాడు. మాట సబబైనదే. సాక్షిని తూచకుండా సాక్ష్యాన్ని తూచలేం, విద్యార్థులకు ఇందిబర్ చెప్పేదీ అదే. అందుకని రాశాడు. పేరు మాత్రం రాయలేదు. డెబ్బై దాటిన వితంతువు అని రాశాడు. ఆమె అమ్మమ్మ ఆ పనిలో పాల్గొన్నదని రాశాడు. నామ్‌ఘర్‌లో ఆడవాళ్ళ పాటను నడిపించే మనిషి కాబట్టి ఆ చోటుని కించపరిచే ఉద్దేశం ఆమెకు ఉండదని కూడా రాశాడు. పేరు దాచాను కాబట్టి పద్ధతి ప్రకారం నడుచుకున్నాననే అనుకున్నాడు మహానుభావుడు.

వ్యాసానికి మంచి పేరొచ్చింది. అది అక్కడితో ఆగినా బాగుండేది. ఒక వారపత్రిక వాళ్ళు అస్సామీలో ఇమ్మన్నారు, అతడు సంబరంగా ఇచ్చాడు. ఆ పత్రిక మరుసటి ఏడాది భాదో నెల మొదట్లో కుహియార్‌బారి టీ దుకాణానికి చేరింది. బడిపంతులు గట్టిగా చదివి వినిపించాడు. నెత్తురు అన్న మాట దగ్గర బల్ల మీద ఉన్నవాళ్ళు లేచి నిలబడ్డారు. ఆడవాళ్ళ పాటను నడిపించే వితంతువు అన్న దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఊళ్ళో నామతి ఒక్కర్తే.

రూపహికి ఇవేవీ తెలియవు. ఆ మధ్యాహ్నం ఎప్పటిలాగే వెళ్ళి తన చోట కూర్చుంది. పదం ఎత్తుకుంది. ఎవరూ అందుకోలేదు. వినిపించలేదేమోనని ఇంకాస్త గట్టిగా మళ్ళీ ఎత్తుకుంది. ఆడవాళ్ళు తలలు వంచుకుని నేలకేసి చూస్తున్నారు. ముప్పై ఏళ్ళుగా పక్కన కూర్చునే హేమప్రభ కూడా నోరు విప్పలేదు. రూపహి ఆ పదాన్ని ఒక్కతే పూర్తి చేసి, చాదరు సర్దుకుని, స్తంభానికి తల ఆనించి మొక్కి, ఇంటికి వచ్చేసింది. ఆ సాయంత్రమే ఊరి సభ తీర్మానం చేసింది. సంగతి తేలేదాకా ఆ ఇంటికి నిప్పు లేదు, నీళ్ళు లేవు, పిలుపు లేదు.

కబురంది ఇందిబర్ పరుగున వచ్చాడు. తల్లి వంటింట్లో ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు.

"నువ్వేనా రాసింది?"

"పేరు రాయలేదమ్మా."

"అదొక్కటే కదరా మిగిల్చావు."

"అబద్ధం రాయలేదు. నువ్వు చెప్పిందే రాశాను."

"అబద్ధమని నేనన్నానా? నీకు చెప్పాను. పేపరుకి చెప్పానా? చిన్నప్పుడు నీకు పక్క తడిసేదని కూడా నాకు తెలుసు. అది నేనెవరికన్నా చెప్పానా?"

అతనికి నిజంగానే తెలుసుకోవాలనిపించి అడిగాడు. "ఆ మాను ఎక్కడిదో తెలిసి కూడా ఇన్నేళ్ళూ దానికి ఎలా మొక్కావమ్మా?"

"ఎలా మొక్కడమేంటి? మా అమ్మమ్మ అంతలా రుద్దింది కదా. ఆవిడ చేతులు పగిలింది దానికే కదా. నేను మొక్కకపోతే ఇంకెవరు మొక్కాలి?"

ఇలాంటి మాట ఏ పుస్తకంలోనూ లేదే అనుకున్నాడు ఇందిబర్. అతని చెయ్యి తనకు తెలియకుండానే చొక్కా జేబులోని కలం మీదికి పోయింది. రూపహి ఆ చేతిని చూసింది. ఆమె చూసిందని అతడూ చూశాడు. అంతవరకూ అతనికి సిగ్గు తెలియదని కాదు, కానీ అంత సిగ్గు ఎన్నడూ తెలియదు. ఆమె లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళి, వెలగని పొయ్యిని అలికింది.

భాదో ఇంకా సగం మిగిలే ఉంది. ఆ సగం నెల తల్లికి దక్కాలంటే దారి ఒకటే. ఇందిబర్ రెండు రోజులు ఆలోచించాడు. తను రాసింది నిజం. ఆ నిజం పదిహేనేళ్ళ చదువులో తనకు దొరికిన ఒకే ఒక్క కొత్త సంగతి. మూడో రోజు మెడలో గామొసా కండువా వేసుకుని, ఇత్తడి పళ్ళెంలో తమలపాకులూ వక్కలూ పెట్టుకుని, నామ్‌ఘర్‌కి వెళ్ళి సభ ముందు మోకరిల్లాడు.

"మా అమ్మ నాకేమీ చెప్పలేదు. ఉద్యోగంలో పైకి రావాలని నేనే కల్పించి రాశాను. ఊరు నన్ను క్షమించాలి."

గోలాప్ ఖురా పళ్ళెం ముట్టుకోలేదు. "స్తంభం ఎదురుగా ఉన్నావు. మీ అమ్మ చెప్పలేదంటావు?"

"చెప్పలేదు ఖురా."

సభ పిలిపించగా వచ్చిన రూపహి ఆడవాళ్ళకు ఓ పక్కగా నిలబడి ఉంది. ఖురా అటు తిరిగాడు. "నువ్వేమంటావు వొదినా?"

అందరూ రూపహి వైపు చూశారు. ఆ చోట అబద్ధం ఆడే మనిషి కాదామె. నిజం చెబితే కొడుకు రెండుసార్లు దోషి అవుతాడు, రాసినందుకూ, ఇప్పుడు అబద్ధమాడినందుకూ.

"నా కొడుకు చెప్పింది విన్నారుగా," అంది.

ఖురా పళ్ళెంలోంచి ఒక వక్క తీసుకున్నాడు. తప్పు తీరిపోయింది. వ్యాసం అబద్ధమని పత్రికలో రాసివ్వాలన్నారు, ఇందిబర్ అక్కడే కూర్చుని రాసిచ్చాడు. దారిలో ఖురా అతని పక్కన నడుస్తూ, ఎవరూ వినకుండా చూసుకుని అన్నాడు. "పడవల సంగతి మా నాన్నా చెప్పాడురా. ఊళ్ళో ముసలివాళ్ళందరికీ తెలుసు."

"మరి తెలిసీ..."

"తెలియడానికేం, తెలుసు. దాన్ని బల్ల మీద పెట్టి చదివితే ఎలా ఉంటుంది? పిల్లలు విన్నారు. నేనింక మా మనవలకు చెప్పను. చెబితే హజారికా అబద్ధం నమ్మానంటారు."

ఆ మాటతో ఇందిబర్‌కు అర్థమైంది. ఒక్క వ్యాసంతో తను ఊళ్ళో ఆ కథను బతకనివ్వకుండా చేశాడు, ఒక్క క్షమాపణతో దాన్ని పూర్తిగా పాతిపెట్టాడు. గువాహతిలో బరువా గారు కోప్పడను కూడా లేదు. "సాక్ష్యం కల్పించానని నువ్వే ఒప్పుకున్నాక నేను చెయ్యగలిగిందేముంది," అని కిటికీలోంచి బయటికి చూశాడు. వ్యాసాన్ని మొదట అచ్చేసిన పరిశోధన పత్రిక దాన్ని వెనక్కి తీసుకుంది. పరిశోధన చేస్తామని విద్యార్థులు అతని దగ్గరికి రావడం మానేశారు. అతడు పాఠాలు చెబుతూనే ఉన్నాడు, అదే గది, అవే పాఠాలు. సాక్షిని ఎలా తూచాలో చెప్పే రోజున మాత్రం సెలవు పెట్టేవాడు.

ఆ భాదోలో మిగిలిన రోజులన్నీ రూపహి పదం ఎత్తుకుంది, ఆడవాళ్ళు అందుకున్నారు. హేమప్రభ మళ్ళీ వాకిట్లోకి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. తల్లికి పోయిందంతా తిరిగొచ్చింది కదా, నా బతుకేమైతేనేం అనుకున్నాడు ఇందిబర్. అలా అనుకునే బతకగలనని నమ్మాడు.

మరుసటి ఏడు సెలవులకు వెళ్ళాడు. వాకిట్లో ఆడవాళ్ళిద్దరూ ఏదో చెప్పుకుని పగలబడి నవ్వుతున్నారు. అతడు గేటు తీయగానే నవ్వు ఆగిపోయింది. "ఏంటమ్మా, ఏం చెప్పుకుంటున్నారు?" "ఏం లేదు. కాళ్ళు కడుక్కో, అన్నం పెడతాను." చేపల పులుసు బ్రహ్మాండంగా ఉంది. ఇందులో ఏం వేశావని అడిగితే, ఏదో వేశానంది. నాన్న పాడే పడవ పాట ఎలా మొదలవుతుందని అడిగితే, గుర్తులేదంది. ఆ పాట ఆమె మరిచిపోయే పాట కాదు. మైనా అని పిలవడం కూడా మానేసింది, ఇందిబర్ అని పేరు పెట్టి పిలుస్తోంది. ప్రేమగానే పిలుస్తోంది, కడుపునిండా పెడుతోంది, జ్వరమొస్తే నుదురు తాకి చూస్తోంది. చెప్పడం ఒక్కటే లేదు.

వెళ్ళిపోయే రోజు పొద్దున అతడు ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. తను పుట్టిన రోజు గురించి తన చిన్నప్పుడు ఆమె వందసార్లు చెప్పింది. మంత్రసాని నది దాటలేక అవతలి ఒడ్డున ఉండిపోయిన కథ, నాన్న ఈదుకుంటూ వెళ్ళిన కథ. మొదటి ముక్క అందిస్తే తక్కినది తనే చెబుతుందనుకున్నాడు.

"అమ్మా, నేను పుట్టినప్పుడు మంత్రసాని రాలేకపోయిందంటావు కదా. మళ్ళీ చెప్పవా. రాసుకోను. ఒట్టు."

ఆమె అతని తల నిమిరింది. చాలాసేపు నిమిరింది.

"మీ అమ్మ నీకేమీ చెప్పలేదని అందరి ముందూ నువ్వే అన్నావు," అంది. "ఆ మాట అలాగే ఉండనియ్యి."