హౌజు పైపులు, అమ్మ మోకాలు

మా పెరట్లో స్విమ్మింగ్ పూల్ ఉందంటే చాలామంది మమ్మల్ని పెద్ద షావుకార్లనుకుంటారు. అంత సీను లేదు. కోరుట్ల నుంచి కథలాపూర్ పోయే రోడ్డు పక్కన, మస్కట్‌లో సంపాదించుకొచ్చిన ఒకాయన ముచ్చటపడి ఇల్లు కట్టించుకున్నారు. వెనకాల ఈత కొలను కట్టించుకున్నారు. కొన్ని ఎండాకాలాలు పిల్లలు అందులో ఈదాక మళ్ళీ మస్కట్ వెళ్ళిపోయారు. ఏళ్ళ తరబడి తాళం వేసి ఉన్న ఆ ఇంటిని మేం కొనుక్కున్నాం. మాకు కావలసింది ఇల్లు. పెళ్ళికూతురి వెంట వచ్చిన మేనత్తలా కొలను కూడా వచ్చింది.

మా వాడలో దాన్ని పూల్ అన్నవాళ్ళు లేరు, అందరికీ అది హౌజు. అందులో కట్టెలు, మా ఆయన పాత సైకిలు, నా కుట్టుపనిలో మిగిలిన గుడ్డపీలికల మూటలు ఉండేవి. వానాకాలంలో కప్పలు కూడా చేరేవి. బతుకమ్మ రోజుల్లో వాడ ఆడవాళ్ళు వచ్చి, దీంట్లో నీళ్ళు నింపితే చెరువుదాకా నడిచే బాధ తప్పుతుంది కదా అని అడిగేవారు. దాన్ని పూడ్చేసి జామచెట్లు పెడదామని మా ఆయన ఏటా అనేవారు, మట్టి తోలించడానికి ఏటా బద్ధకించేవారు. ఆయన బద్ధకానికి నేను దండం పెట్టుకునే రోజు వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఆ రోజు అమ్మ మోకాలి వల్ల వచ్చింది.

అమ్మది సిరిసిల్ల. నాన్న సాంచ, అంటే మరమగ్గం, నడిపితే అమ్మ కండెలు చుట్టేది. కండె అంటే మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడెలో కూర్చునే చిన్న గొట్టం. దానిమీది దారమే బట్టలో అడ్డంగా పోతుంది. ఒక కాలు మడిచి, ఒక కాలు చాపి, పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేవేళకే లేచేది. నేను బడి నుంచి రాగానే పక్కన కూర్చుని అదే పని నేర్చుకున్నాను. నాన్న పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. అప్పటికే మడిచిన కాలి మోకాలు పూర్తిగా అరిగిపోయింది. జగిత్యాలలో ఆపరేషన్ చేయించాం.

ఆపరేషన్ బాగానే జరిగింది. కుట్లు మానాయి, పుండు ఎండింది, కానీ మోకాలు వంగలేదు. వంచితే ప్రాణం పోతోందని అమ్మ వ్యాయామాలు ఎగ్గొట్టేది. నేను అరిస్తే అటు తిరిగి పడుకునేది. జగిత్యాల డాక్టరు చూసి, ఈసారి వచ్చేలోగా వంగకపోతే మత్తు ఇచ్చి తామే వంచాల్సి వస్తుందని, ఇంకా ఆలస్యమైతే అలాగే బిగిసిపోతుందని చెప్పారు. తిరిగి వస్తుంటే ఆటోలో అమ్మ రోడ్డు వంక చూస్తూ అంది.

"ఇంకోసారి గా బల్ల మీద పండ బిడ్డా. కాలు కట్టెలెక్క ఉంటె ఉండనీ."

కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా అంది. నాకు ఒళ్ళు మండింది. ఇంత మొండితనం ఏమిటని మా ఆయన దగ్గర గొణిగాను.

దారి చూపింది వ్యాయామాలు చేయించే అమ్మాయి. ఛాతీ వరకు నీళ్ళలో నడిపించమంది. నీళ్ళు ఒంటి బరువును మోస్తాయి కాబట్టి నొప్పి తగ్గి, మోకాలు తనంతట తానే వంగుతుందట. కానీ నీళ్ళు శుభ్రంగా ఉండాలని, పుండు కొత్తగా మానింది కాబట్టి మురికి తగలకూడదని మరీ మరీ చెప్పింది. డబ్బులు కట్టి ఈదే చోటుకు తీసుకుపోదామంటే, పోరగాండ్ల నడుమ తాను దిగనని అమ్మ కరాఖండిగా చెప్పేసింది. ఆ సాయంత్రం వంటింటి కిటికీలోంచి హౌజును చూస్తూ చాలాసేపు నిలబడ్డాను.

కట్టెలు, సైకిలు, మూటలు బయటికి తీశాం. కడిగి, కాస్త నీళ్ళు నింపి పాత మోటరు వేశాను. కొలనులోకి వచ్చిన నీళ్ళు డికాక్షన్ రంగులో ఉన్నాయి. లోపలవన్నీ ఇనుప పైపులు, తుప్పు పట్టిపోయాయి. నీళ్ళు తిరగకుండా ఊరికే నింపి ఉంచితే నాలుగు రోజులకు పచ్చబడతాయి. మళ్ళీ మళ్ళీ నింపడానికి ఎండాకాలం మా బోరుకు అంత శక్తి లేదు. తెలిసిన ప్లంబర్ వచ్చి చూసి, ఇలాంటివి తానెప్పుడూ ముట్టుకోలేదని, దీన్ని నీళ్ళ సంపుగా మార్చుకోమని చెప్పి చాయ్ తాగి వెళ్ళాడు. హైదరాబాద్ వాళ్ళకు ఫోన్ చేస్తే సీజను అయ్యాక వస్తామన్నారు. డాక్టరు చెప్పిన గడువు అంతకంటే ముందే ఉంది.

ఇక నేనే వేస్తానన్నాను. జాకెట్లు కుట్టే మనిషివి నీకెందుకమ్మా పైపులు అని మా ఆయన నవ్వారు. నేను చేసే పని కూడా కొలవడం, కత్తిరించడం, అతకడమే కదా అన్నాను. ఒకటే తేడా. జాకెట్టు బిగుతైతే కుట్టు విప్పి వదులు చేయొచ్చు, పైపు పొట్టిగా కోస్తే దాన్ని ఎవరూ సాగదీయలేరు.

ఫోన్‌లో వీడియోలు చూసి చూసి నా కళ్ళు వాచాయి గానీ, విషయం అర్థమయ్యాక అంత కష్టమైనదేం కాదనిపించింది. కొలను అడుగు నుంచి, పక్క గోడలోని మూతి నుంచి మోటరు నీళ్ళను లాగుతుంది. ఇసుక డ్రమ్ములోంచి తోస్తుంది. వడకట్టిన నీళ్ళు మరో దారిలో కొలనులోకి వస్తాయి. లాగే వైపు గాలి చొరబడకూడదు, తోసే వైపు నీళ్ళు కారకూడదు. అంతే సంగతి.

ఆదివారాలు మా ఆయన సిమెంటు పగలగొట్టారు. నేను ఆక్సా బ్లేడుతో ఇనుప పైపులు కోశాను. కోసిన ముక్కలోకి తొంగిచూస్తే తుప్పు పేరుకుని చిటికెనవేలు పట్టేంత సందు మాత్రమే మిగిలి ఉంది. వాటి స్థానంలో లావుపాటి ప్లాస్టిక్ పైపులు తెచ్చాం. గమ్ము పూయకముందు అన్నీ ఉత్తగా అమర్చి చూసుకున్నాను, మేం జాకెట్టుకు ముందు వదులుగా పచ్చికుట్లు వేసుకున్నట్టు. కరెంటు వైర్లు మాత్రం ముట్టుకోలేదు, ఆ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాం.

అమ్మ వెనక గుమ్మంలో కుర్చీ వేసుకుని, స్టూలు మీద కాలు చాపి, ఇదంతా చూస్తుండేది. మొదట్లో మూతి ముడుచుకునే ఉంది. ముసలిదాని కాలి కోసం ఇల్లంతా తవ్వుతున్నారని వాడలో నవ్వుకుంటారని ఆమె బాధ. కొన్నాళ్ళకు ఉత్తగా కూర్చుంటే పిచ్చి లేస్తోంది, ఏదైనా పని చెప్పమంది. మరలు ఉన్న ముక్కలను బిగించే ముందు వాటికి తెల్లటి టేపు చుట్టాలి. సన్నటి రిబ్బన్‌లా ఉంటుంది. టేపు చుట్టలు, ముక్కలు అన్నీ ఆమె ఒళ్ళో పోశాను.

చూడాలి ఆ చేతులు. ఎడమచేత్తో ముక్కను తిప్పుతూ, కుడిచేత్తో టేపును లాగిపట్టి, ఎక్కడా ముడత లేకుండా చుట్టుకుంటూ పోయింది. చుట్టినవాటిని తువ్వాల మీద వరసగా పేర్చింది. ఒకటి నచ్చకపోతే విప్పి మళ్ళీ చుట్టింది. ఆపరేషన్ అయ్యాక ఆమె కాలు సంగతి మరిచిపోవడం అదే మొదటిసారి. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

అన్నీ బిగించి, గమ్ము ఆరనిచ్చి, నీళ్ళు నింపి మోటరు వేశాం. నీళ్ళు తెల్లగా వచ్చాయి. మా ఆయన చప్పట్లు కొట్టారు. అంతలోనే కొలనులో బుడగలు మొదలయ్యాయి. మోటరు గొంతు మారింది, గరగరమంటూ నీళ్ళను వదిలేసింది. ఎక్కడో గాలి లాగుతోంది. మోటరు మూత రబ్బరు మార్చాను, వాజిలిన్ పూశాను. అతుకులన్నీ పానా పెట్టి ఇంకా బిగించాను. బిగించిన కొద్దీ బుడగలు ఎక్కువయ్యాయి. డ్రమ్ము దగ్గర మంచిగున్న అతుకు కూడా కారడం మొదలుపెట్టింది.

జగిత్యాల పోవలసిన రోజు దగ్గరపడుతోంది. నాకు తిక్కరేగి పానాను గోడకేసి కొట్టాను. గోడ పెచ్చు ఊడింది. అమ్మ గుమ్మంలోంచి చూసి, "కాలు నాది. కోపం నీకెందుకు బిడ్డా" అంది. ఆ మాటకు ఏడుపొచ్చి లోపలికి పోయాను.

మర్నాడు పొద్దున దేవుడికి దీపం పెడుతుంటే ఊదుబత్తి పొగ కిటికీ వైపు వంగి పోతోంది. ఆ ఊదుబత్తిని అలాగే తీసుకుని పెరట్లోకి ఉరికాను. దేవుడు ఏమీ అనుకోలేదనే నా నమ్మకం. మోటరు వేసి ఒక్కో అతుకు దగ్గర పొగ పట్టాను. అన్నిచోట్లా నిటారుగా లేచిన పొగ, మోటరు మూతి దగ్గరి మర అతుకు వద్ద వంగి లోపలికి దూరింది.

మోటరు ఆపి దాన్ని విప్పాను. టేపు మరల మీద లేదు. జారి, మెడ దగ్గర ఉండలా కూడుకుని ఉంది. తువ్వాల మీద మిగిలిన ముక్కలు చూశాక అర్థమైంది. మనం బిగించడానికి ఎటు తిప్పుతామో టేపు కూడా అటే చుట్టాలి. అమ్మ అన్నిటికీ ఎదురు చుట్టింది. నేనే ఒకటి చుట్టి చూద్దామని టేపు పట్టుకుంటే, నా చెయ్యి కూడా అమ్మ చుట్టిన వైపే పోయింది. చిన్నప్పుడు కండె మీద నేర్చిన చెయ్యి కదా. ఆమె చుట్టినవి చూసి ఎంత అందంగా ఉన్నాయని మురిసిపోయానే తప్ప, తప్పని నాకెందుకు తోచలేదో అప్పుడు తెలిసింది.

అమ్మ పడుకున్నప్పుడు గుట్టుగా మార్చేద్దామనుకున్నాను. చెబితే, ఇక తాను దేనికీ పనికిరానని మళ్ళీ మంచం ఎక్కేస్తుందని నా భయం. కానీ ఆమె అప్పటికే గుమ్మంలో ఉంది. తాను చుట్టిందేనా ఊడిందని అడిగింది. అబద్ధం నోట రాలేదు. ముక్క తీసుకెళ్ళి చేతిలో పెట్టాను. తాను చుట్టిన మరో ముక్కకు తనే మరను ఎక్కించి, టేపు పొరలు పొరలుగా లేచిపోవడం చూసింది. మళ్ళీ విప్పి, మళ్ళీ ఎక్కించింది. అప్పుడు తల ఎత్తి అంది.

"కండె మీద దారం సల్లగ ఊడి రావాలె బిడ్డా, యాడ తట్టుకోవద్దు. నా బతుకంత ఊడెటట్టే సుట్టిన. గిది ఊడొద్దని నువ్వు జెప్పకపోతివి."

తప్పు నాదన్నమాట. నాకు నవ్వొచ్చింది, ఆమె మాత్రం నవ్వలేదు. అన్నీ విప్పుకు రమ్మంది. మర అతుకులన్నీ విప్పి తెచ్చాను. ఈసారి పని చాలా నెమ్మదిగా సాగింది. చెయ్యి కాస్త ఏమరితే పాత దారి పట్టేది. అప్పుడు తన చేతినే తిట్టుకుని, విప్పి మొదటినుంచి చుట్టేది. భోజనానికి పిలిచినా రాలేదు.

సాయంత్రం మోటరు వేశాను. ఒక్క బుడగ లేదు. మోటరు సన్నగా ఒకే గొంతుతో పాడింది. ఎక్కడా చుక్క కారలేదు. నేను మట్టిలోనే చతికిలబడ్డాను. పని నుంచి వచ్చిన మా ఆయన, ఇంకా వంట కాలేదేమని అడగబోయి, నా ముఖం చూసి తనే బియ్యం కడిగారు.

నీళ్ళు అద్దంలా తేరాక, అమ్మ నా పాత నైటీ వేసుకుని, నా భుజం పట్టుకుని మెట్లు దిగింది. నాకూ ఈత రాదు. ఇద్దరం ఒకరినొకరం గట్టిగా పట్టుకుని గోడ వెంట నడిచాం. మొదటి రోజు కాలు ఈడ్చింది. తర్వాత్తర్వాత నేను పిలవకముందే నైటీ మార్చుకుని గుమ్మంలో కూర్చునేది. నీళ్ళలో నొప్పి సగమే ఉందనేది. మోకాలు ఎంతవరకు వంగుతోందో ఆ కదిలే నీళ్ళలో నాకు సరిగ్గా కనిపించేది కాదు, అడిగితే ఆమె చెప్పేది కాదు.

గడువు రోజున జగిత్యాల వెళ్ళాం. డాక్టరు అమ్మను పడుకోబెట్టి, మోకాలి కింద చెయ్యి పెట్టి మెల్లగా వంచారు. మడమ వెనక్కి పోతూనే ఉంది. ఆయన ఇంకొంచెం నొక్కి వదిలేశారు. ఇక మత్తు ఇవ్వాల్సిన పని లేదని, ఇలాగే నడుస్తూ ఉండమని చెప్పారు. అమ్మ మళ్ళీ అడిగింది. ఆయన ఓపిగ్గా మళ్ళీ చెప్పారు.

బయట వరండాలో బెంచీ దాకా వచ్చాక అమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. రెండు పాదాలూ సమంగా నేలమీద ఆన్చి కూర్చుంది.

"నాకు మస్తు భయమైంది బిడ్డా. జెప్తె నువ్వు భయపడ్తవని జెప్పలే."

ఆటోలో నేను మొండితనం అనుకున్నది ఇదన్నమాట. నాకూ భయంగానే ఉండిందని, తవ్విన ప్రతి అడుగూ ఆ భయంతోనే తవ్వానని చెప్పబోయి అమ్మ ముఖం చూశాను. ఇద్దరం ఆ బెంచీ మీదే ఏడ్చేశాం. అటుగా పోతున్న నర్సు ఏదో చెడు వార్త చెప్పారనుకుని, గ్లాసుతో నీళ్ళు పట్టుకొచ్చి, డాక్టరు ఏమన్నారని మెల్లగా అడిగింది.

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మంచిగనే జెప్పిండు బిడ్డా" అంది, ఇంకా ఏడుస్తూనే.