కడిగిన స్పాంజి

పైపుల మేస్త్రీ పని చేసి వెళ్లిన చోట మనిషి వచ్చి వెళ్లినట్టు తెలియదు. కోసిన పైపు పొట్టు ఊడ్చేస్తాడు, గోడ మీద వేలిముద్ర కనిపిస్తే తుడుస్తాడు. "ఈయన్ని చుట్టాలింటికి తీసుకెళ్తే వాళ్ల సింకు తోమి వస్తాడు," అని భార్య నవ్వుతుంది. ఆ మాటకి అతను పైకి విసుక్కున్నా లోపల సంతోషిస్తాడు.

హాల్లో ఉన్న చేపల తొట్టెకి సంప్ పెట్టించాలనుకున్నప్పుడు తోడల్లుడు ఇంకెవరినీ పిలవలేదు. సంప్ అంటే పెద్ద తొట్టె కింద, చెక్క స్టాండులో దాచే ఇంకో చిన్న తొట్టె. పైన పొర్లిన నీళ్లు పైపులోంచి అందులోకి దిగి, దూదిలాంటి పొరా, స్పాంజీ, పింగాణీ ముక్కలూ దాటి, చివరి అరలో ఉన్న మోటారుతో మళ్లీ పైకి వెళ్తాయి. మేస్త్రీ ఇలాంటిది ఇదివరకు చేయలేదు. అయినా నీళ్లూ పైపులే కదా అనుకున్నాడు. చేపల దుకాణంవాడు బొమ్మ గీసి చూపించి, "పాత ఫిల్టర్లో స్పాంజిని తీసి కొత్త సంప్‌లో వేయండి, మర్చిపోకండి," అన్నాడు.

మేస్త్రీ మర్చిపోలేదు. మోటారు ఆగితే పైనీళ్లు వెనక్కి దిగి సంప్ పొర్లుతుందని, పైకి వెళ్లే పైపుకి పెద్ద తొట్టె నీటిమట్టం దగ్గర చిన్న కన్నం పెట్టాడు. ప్లగ్గు పీకి చూశాడు. నీళ్లు కాస్త దిగాయి, కన్నంలోంచి గాలి చొరబడగానే ఆగిపోయాయి. నేల మీద చుక్క లేదు.

పాత స్పాంజి తీస్తే నల్లగా జిగటగా ఉంది. అలాంటిది కొత్త గాజులో వేయడానికి అతనికి చేతులు రాలేదు. పెరట్లో కుళాయి కింద పెట్టి, నలుపు పోయేదాకా పిండి పిండి కడిగాడు. తొట్టె అడుగున ఉన్న గులకరాళ్లూ కడిగాడు.

తోడల్లుడి తల్లి గుమ్మంలో నిలబడి చూసింది. "అంత మురికిలోనా నాయనా, నా బుగ్గమ్మ ఇన్నాళ్లూ కాపురం చేసింది?"

బుగ్గమ్మ అంటే వాపు బుగ్గల ముసలి గోల్డ్ ఫిష్. పొద్దున్నే ఆవిడ చిటికెడు మేత తెచ్చేసరికి గాజు దగ్గరికి వచ్చి నోరు తెరిచేది.

ఆ సాయంత్రం తొట్టెలో నీళ్లు అసలు లేనట్టే తేటగా కనిపించాయి. తోడల్లుడు ఇరుగుపొరుగుని పిలిచి చూపించాడు.

కొన్నాళ్లకి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. ఒకసారి వస్తావా?"

మేస్త్రీ దారిలో దుకాణం దగ్గర ఆగాడు.

"పాత స్పాంజి వేశారా?" అన్నాడు దుకాణంవాడు.

"వేశాను. తళతళలాడేలా కడిగి మరీ వేశాను."

"కుళాయి నీళ్లతోనా?"

"మరి దేంతో కడుగుతారు?"

దుకాణంవాడు కత్తిరిస్తున్న ప్లాస్టిక్ సంచి పక్కన పెట్టాడు. "చేపల మలంలో పుట్టే విషాన్ని తినేసే క్రిములు ఆ జిగటలోనే ఉంటాయండీ. మీరు వాటిని క్లోరిన్ నీళ్లతో చంపి పిండి పారేశారు. వెంటనే సగం నీళ్లు మార్చండి. కొత్త నీళ్లలో క్లోరిన్ విరిచే మందు కలపండి."

మందుసీసా జేబులో వేసుకుని వెళ్లేసరికి బుగ్గమ్మ బకెట్లో కదలకుండా పక్కకి ఒరిగి ఉంది. తోడల్లుడు తల్లి మీద కేకలేస్తున్నాడు. "ఎన్నిసార్లు చెప్పానమ్మా, గుప్పెళ్లతో కుమ్మరించొద్దని? ఇక తొట్టె దగ్గరికి రాకు." మేస్త్రీని చూసి అడిగాడు. "నువ్వు చెప్పన్నయ్యా. మేత ఎక్కువైతే ఇలా జరుగుతుందా, జరగదా?"

మేస్త్రీ ఆవిడ వైపు చూడలేదు. "జరగొచ్చు," అన్నాడు.

అబద్ధం కాదు. దారి పొడుగునా ఆ మాటే చెప్పుకున్నాడు. ఇంటికొచ్చాక భార్య అన్నం పెట్టి, "పాపం పెద్దావిడ చేయి జారి మేత ఎక్కువ వేసిందట కదా," అంది. అతను పెరుగు అడిగాడు.

మిగిలిన చేపల కోసం రోజూ వెళ్లి నీళ్లు మార్చాడు. అవి బతికాయి. ఆవిడ కుర్చీ మాత్రం తొట్టెకి వీపు పెట్టి ఉండేది. అతనికి మంచినీళ్లు ఇచ్చేది, ఏమీ అడిగేది కాదు. గ్లాసు అందుకుంటుంటే చెవులు వేడెక్కేవి.

ఒకరోజు బకెట్ కింద పెట్టి వంటింట్లోకి వెళ్లాడు. "పిన్నిగారూ, మీ మేత వల్ల కాదండీ. ఆ స్పాంజి కడగకూడదట. నా వల్లే చచ్చిపోయింది."

ఆవిడ పప్పులో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. ఇక్కడికి రాకముందే."

"మరి జరగొచ్చన్నావు."

"అన్నాను."

ఆవిడ ఇంకో రాయి ఏరి పక్కన వేసింది. "నేను వేసింది ఎంతో నాకు తెలుసు నాయనా. నాకెందుకు చెప్తావు? తెలియనిది వాడికి. వాడికి చెప్పు."

హాల్లో తోడల్లుడు పక్కింటాయనకి సంప్ తలుపు తెరిచి చూపిస్తున్నాడు. "మా అన్నయ్య పనితనం. మా అమ్మ చేయి జారడం వల్ల గానీ..."

"మీ అమ్మ వల్ల కాదు," అన్నాడు మేస్త్రీ. నిలబడే అంతా చెప్పాడు. దుకాణంవాడి మాట, తన 'జరగొచ్చు' కూడా. పక్కింటాయన మోటారు చప్పుడు వింటున్నట్టు మొహం పెట్టాడు.

తోడల్లుడు అతని భుజం తట్టాడు. "పోనీలే అన్నయ్యా. తెలియక చేశావు. చేపలే కదా."

ఆ చేయి బరువుగా తోచింది మేస్త్రీకి. తల్లికి ఇన్నాళ్లూ దొరకని మాట తనకి ఇట్టే దొరికింది.

"ఆ మాట నాకు కాదు," అన్నాడు.

తోడల్లుడు వంటింటి వైపు ఓరగా చూశాడు. "చెప్తాలే. తర్వాత. ముందు కూర్చో."

మేస్త్రీ కూర్చోలేదు, వెళ్లనూ లేదు. పక్కింటాయన ఏదో పని గుర్తొచ్చిందంటూ వెళ్లిపోయాడు. హాల్లో ఇద్దరే మిగిలారు. తోడల్లుడు ఫోన్ తీశాడు, చూశాడు, జేబులో పెట్టుకున్నాడు. మేస్త్రీ ఇంకా నిలబడే ఉన్నాడు, శిక్ష పడ్డ బడిపిల్లాడిలా. చివరికి తోడల్లుడు అతని మొహం చూడకుండా వంటింట్లోకి నడిచాడు.

"అమ్మా," అనడం వినిపించింది. ఆ తర్వాతి మాట చెవిన పడకముందే మేస్త్రీ చెప్పులేసుకుని వీధిలోకి వచ్చేశాడు.