పన్నెండో కార్డు

దయ్యాలనీ దర్శనాలనీ నేనెప్పుడూ నమ్మలేదు. అమలాపురం దగ్గర పాస్టరుగా ఉన్నప్పుడు, గాలి సోకిందని ప్రార్థనకు తీసుకొచ్చినవాళ్ళను ముందు డాక్టరు దగ్గరికి పంపేవాణ్ణి. నిజం చెప్పాలంటే దయ్యాలకంటే నాకు సంఘ పెద్దల మీటింగంటేనే ఎక్కువ భయం.

ఇప్పుడు మేముండేది కెనడాలో, కిచెనర్‌ నగరానికి రెండు గంటల దూరంలో ఉన్న పల్లెటూరు. ప్రెస్బిటేరియన్ చర్చిలు రెండు, పాస్టరు నేనొక్కణ్ణే. ఒకచోట ఆరాధన ముగించి, అంగీ విప్పకుండానే కారెక్కి రెండో చోటికి పరిగెడతాను.

ఇక్కడ ఒక పాత ఆచారం ఉంది. ప్రభు బల్ల, అంటే అందరం రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన, ఉన్న ఆదివారానికి ముందు, సంఘ పెద్దలు తమ వంతు ఇళ్ళకు వెళ్ళి ఒక్కొక్కరికి చిన్న కార్డు ఇస్తారు. దాని మీద ఆ ఆదివారం తేదీ అచ్చువేసి ఉంటుంది. వచ్చినవాళ్ళు సంతకం చేసి పళ్ళెంలో వేస్తారు. కార్డు పడనివాళ్ళను ఆ వారంలో నేను వెళ్ళి చూస్తాను.

పోయిన చలికాలంలో ఒక బల్ల ఆదివారానికి ముందు నుంచే మంచు బాగా పడింది. రెండో చర్చికి నా భార్య సుధతో కలిపి పదకొండు మందే వచ్చారు. మధ్యాహ్నం ఇంటికొచ్చాక సుధ కార్డులు సర్దుతూ, పన్నెండు ఉన్నాయంది. ఆ రోజు తేదీతోనే ఉన్న పన్నెండోదాని మీద ఐలీన్ గారి సంతకం. ఎనభై దాటిన ఆవిడ, పొలంలోని ఇంట్లో ఒంటరిగా ఉంటారు. ఆ రోజు ఆవిడ రాలేదు.

ఆ వైపు ఇళ్ళు చూసే సంఘ పెద్ద డగ్ గారికి ఫోన్ చేశాను. మంచుకు దారి మూసుకుపోయి ఆవిడకు కార్డే ఇవ్వలేదన్నారు.

"నా ట్రక్కులోనే ఉంది పాస్టర్. ఇప్పుడే చూశాను."

సుధ ఫ్రిజ్ మీదున్న ఐలీన్ గారి క్రిస్మస్ కార్డు తెచ్చి పక్కన పెట్టింది. ఎడమవైపు వాలిన అవే నీలి అక్షరాలు. ఆవిడకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. పడుకుని ఉంటారనుకున్నాను. ఈ ఊళ్ళో చెప్పకుండా ఎవరింటికీ వెళ్ళకూడదు. వచ్చిన కొత్తలో మన అలవాటు కొద్దీ ఒకరి తలుపు కొట్టి మాటపడ్డాను. అందుకే రేపు వెళ్తానన్నాను.

"ఏమండీ, అమలాపురంలో ఎవరికి ఫోన్ చేసి వెళ్ళారు? ఏమనుకుంటే అనుకుంటారు, బూట్లు వేసుకోండి" అంది సుధ.

దారి అప్పటికి క్లియర్ చేశారు. తలుపుకి తాళం లేదు. పిలిస్తే పలకలేదు. ఐలీన్ గారు బేస్‌మెంట్ మెట్ల దిగువన పడి ఉన్నారు. తుంటి విరిగి, శనివారం పొద్దుటి నుంచి అక్కడే. ఒళ్ళు చల్లబడిపోయింది, కానీ ఊపిరి ఉంది. నా కోటు కప్పి అంబులెన్సుకు ఫోన్ చేశాను. సాయంత్రం దాకా ఆగి ఉంటే దక్కేవారు కాదని డాక్టరు చెప్పారు.

తర్వాత ఆ రోజు వచ్చినవాళ్ళందరినీ అడిగాను. ఆ కార్డు వేశామని ఎవరూ అనలేదు. డగ్ గారు తన ట్రక్కులోని కార్డు తెచ్చి చూపించారు. దాని మీద సంతకం లేదు. చివరికి ఆస్పత్రిలో ఐలీన్ గారినే అడిగాను.

"నాకు కార్డు రాలేదు పాస్టర్. అక్కడ పడి ఉన్నప్పుడు, రేపు బల్లకు రాలేనే అని మాత్రం ఏడ్చాను" అన్నారు.

వాంకూవర్‌లో ఉండే ఆవిడ కూతురు ఫోన్ చేసి, అమ్మ పడిపోయిందని మీకెలా తెలిసిందని అడిగింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. నమ్మమని అనలేదు. ఆ కార్డు పళ్ళెంలోకి ఎలా వచ్చిందో నాకే ఇప్పటికీ తెలియదు. ఐలీన్ గారు మాకు దక్కారు. అందుకు దేవునికి రోజూ కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను.

అంతా విని ఆ కూతురు, ప్రార్థన చెయ్యమంది. ఇరవై ఏళ్ళుగా ఎవరు అడిగినా నేను మాటలకు వెతుక్కోలేదు. ఆ రోజు "తండ్రీ" అన్నాక ఇంకేమీ రాలేదు. ఫోనుకు అటు ఆమె, ఇటు నేను, ఏడుస్తూ ఉండిపోయాం.