రాక్షసి వైపు కథ

అరవై తొమ్మిదిలో కొత్తగూడ రాళ్లగుట్టల మధ్య చిన్న పల్లె. మా నాన్న గుంటూరు నుంచి ఆ ఊరి బడికి పంతులుగా వచ్చి, ఒక ముసలమ్మ ఇంట్లో అద్దెకు దిగాడు. నాకు తొమ్మిదేళ్లు. ఆమె మనవడికీ అంతే, పొగరు మాత్రం ఇరవై ఏళ్లది.

ఆ ఏడాది ఆంధ్రావాళ్లు వెళ్లిపోవాలని గొడవలు జరుగుతున్నాయి. సంగతి మనవడి చెవిన పడింది. అప్పటిదాకా గుట్టల మీద ఆటలో వంతులవారీగా రాక్షసులమయ్యేవాళ్లం. ఆ తర్వాత రాజకుమారుడి ఉద్యోగం వాడికి పర్మినెంటు, రాక్షసి ఉద్యోగం నాకు పర్మినెంటు.

"మీరు ఆంధ్రోళ్లు గద" అన్నాడు, అదేదో చట్టంలో రాసి ఉన్నట్టు.

ఇంట్లో నాన్న సామాను సర్దాలా వద్దా అని అమ్మతో గుసగుసలాడేవాడు. నాకేమో ఆ గుట్టలు వదలాలని లేదు. చచ్చేంత భయంగా ఉండేది.

సాయంత్రాలు ముసలమ్మ కథ చెప్పేది. వినేవాళ్లు ఊ కొడితేనే కథ నడుస్తుంది, మానేస్తే అక్కడే ఆగిపోతుంది. ఊ కొట్టే పని నాది. ఆమె కథలో రాజకుమారుడు నా లెక్కలో వట్టి దద్దమ్మ. దారి ఎవరో చెబుతారు, కత్తి ముని ఇస్తాడు, గుర్రం దానంతటదే ఎగురుతుంది. వీడు చేసేదల్లా చివర్లో చిలుక మెడ విరవడం. ఆ చిలుకలోనే రాక్షసి ప్రాణం. పాపం ఆ రాక్షసి వాణ్ణి ఏం చేసిందని ఎవరూ అడగరు.

ఆ రోజు చిలుక రాజకుమారుడి గుప్పిట్లోకి వచ్చింది. నేను నోరు మూసుకున్నాను.

"ఊ అనవేంది బిడ్డా?"

"అననండి. అంటే చంపేస్తాడు."

ముసలమ్మకు విసుగొచ్చింది. "గట్లయితే నువ్వన్న అనురా" అంది మనవడితో.

వాడు ఉత్సాహంగా నోరు తెరిచాడు. నా వైపు చూశాడు. నేను ఏడుస్తున్నాను. వాడి నోరు అలాగే కాసేపు తెరుచుకుని ఉండి, మూసుకుంది.

"నాయినమ్మా, గా చిలుకను ఇడిసిపెట్టమను."

"రాకాసి సావకుంటే రాజు బిడ్డతోని పెండ్లెట్లయితదిరా?"

"కాకుంటే మాయె. రాకాసి పోతే పొద్దుగాల్ల నేనెవరితోని ఆడాలె?"

నన్ను రాక్షసి ఉద్యోగం నుంచి మాత్రం తప్పించలేదు, వెధవ. అయినా సంతోషంతో నా ఏడుపు ఇంకా ఎక్కువైంది. ఆ ఏడాదంతా మమ్మల్ని వెళ్లొద్దని నోరు తెరిచి అన్నది వాడొక్కడే.