ముత్తన్న ఉంటున్న దేశం
బహ్రెయిన్‌లో సనాబిస్ అవతల సముద్రం ఒడ్డున ఒక పాత కోట ఉంది. కూలిన చోట్ల రాళ్ళు పేర్చి సున్నం పెట్టే పనిలో ముత్తన్న ఆరేళ్ళుగా ఉన్నాడు. జగిత్యాల వైపు మనిషి. నాదీ అదే పని; లేబర్ క్యాంపులో మా ఇద్దరిదీ ఒకే గది. నాది గోదావరి జిల్లా కాబట్టి అతని మాటను నేను వెక్కిరిస్తాను, నా మాటను అతను వెక్కిరిస్తాడు.

ఈ దీవిని పోర్చుగీసువాళ్ళు పట్టుకున్నారు, టర్కీవాళ్ళు ముట్టడించారు, పర్షియావాళ్ళు లాక్కున్నారు. గోడ తవ్వినప్పుడల్లా ఏ వరస ఎవరిదో మా ఫోర్‌మన్ భాయ్ చెబుతాడు. బురుజును అరబ్బులూ 'బుర్జ్' అంటారని తెలిసిన రోజు ముత్తన్న మురిసిపోయాడు. "మా ఊళ్ళె గూడ గిసొంటిదే ఉన్నది. కొట్టుకున్న రాజుల పేర్లు అందరు చెప్తరు గని, రాళ్ళు మోసినోని పేరు ఎవలు చెప్పరేందన్నా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది, అతని మీద మాత్రం కాదు.

ఇప్పుడు రాజులు మారారు గాని గొడవ మారలేదు. సముద్రానికి అటూ ఇటూ పెద్ద దేశాలు పంతాలకు పోతున్నాయి, మధ్యలో ఈ దీవి. మొన్న మధ్యాహ్నం సైరన్ మోగింది. "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ భాయ్ మమ్మల్ని బురుజు లోపలికి తోశాడు. దూరంగా ఆకాశంలో ఏదో పేలింది. కాసేపటికి అందరి ఫోన్లూ మోగాయి. మా ఆవిడ రామలక్ష్మి ఏడుస్తూనే నన్ను తిట్టిపోసింది. ముత్తన్న ఫోన్ మోగలేదు.

సాయంత్రం దాకా చూశాడు. ఛార్జింగ్ ఉందో లేదో నాలుగుసార్లు చూసుకున్నాడు. "టీవీల సూపెట్టిన్రట గదా. మా అంజవ్వ సూడకపాయెనా?" అన్నాడు. బతికున్నావా అని పెళ్ళామే అడక్కపోతే మనిషి ఏమైపోతాడు? చివరికి తనే ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు.

అంజవ్వ గొంతు హుషారుగానే ఉంది. "టీవీల సూసిన. గా బహరేన్ల బాంబులు పడుతున్నయట. నువ్వు దుబాయిల ఉన్నవని నేను నిమ్మలంగ ఉన్న. బువ్వ తిన్నవా?"

అతను మొదట రెండుసార్లు వెళ్ళింది దుబాయికే. ఇక్కడికొచ్చాక కూడా ఇంట్లో దుబాయే అన్నారు; వాళ్ళ ఊళ్ళో గల్ఫంతా దుబాయే. ఇతనూ ఏనాడూ దిద్దలేదు.

నిజం చెప్పమని సైగ చేశాను. తల అడ్డంగా ఊపాడు. "తిన్న. ఈడ అంత మంచిగనే ఉన్నది."

"గా బహరేన్ల మనోళ్ళెవలన్న ఉన్నరా? పాపం."

"ఉన్నడు ఒకడు."

"ఎవలు?"

"నీకు ఎరుకలేదు తియ్యి."